టక్కుమని ఊరుకున్న కారు

ఆ ఆదివారం నేను చేసిన తప్పేమిటో ముందే చెప్పేస్తాను. పొద్దున ఎనిమిదింటికి, మా అపార్టుమెంటు సెల్లార్లో, నలుగురూ వింటుండగా, కార్లు తుడిచే అక్క మీద అరిచాను. మా కారు స్టార్ట్ కాకపోవడానికి కారణం ఆవిడేనన్నాను. అప్పటికి నేను బానెట్ ఎత్తి కూడా చూడలేదు.

సెల్లార్లో అరిస్తే ఒక్కసారితో పోదు. గోడలు అందుకుని మళ్ళీ అంటాయి. నా మాట నాకే రెండుసార్లు వినపడింది. అయినా సిగ్గనిపించలేదు. సిగ్గు తీరిగ్గా, దేవనహళ్ళి దారిలో వచ్చింది.

అక్కది బెంగళూరు దగ్గర ఆనేకల్ పక్కన ఊరు. తాతల నాటినుంచీ అక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు. యాభై ఐదు దాటి ఉంటాయి. ఆరింటికల్లా బకెట్టుతో దిగుతుంది. తడిగుడ్డ ఎడమ భుజం మీద, పొడిగుడ్డ కుడి భుజం మీద. ఏనాడూ భుజాలు మారవు. మా బ్లాకులో పద్దెనిమిది కార్లు తుడుస్తుంది. శనివారం లోపల కూడా శుభ్రం చేస్తుంది. ఆ పూట అందరూ నిద్రలో ఉంటారు కాబట్టి పదకొండు ఇళ్ళవాళ్ళు స్పేర్ తాళాలు ఆవిడ దగ్గరే ఉంచేశారు. వాటన్నిటినీ ఒక పెద్ద ఇనుప రింగుకి గుచ్చి నడుముకి దోపుకుంటుంది. గుర్తుకోసం ఒక్కో తాళానికి ఒక్కో రంగు దారం. మాది ఆకుపచ్చ. ఆవిడ నడుస్తుంటే గుత్తి గలగలమంటుంది.

"అత్తగారొస్తున్నారు, సర్దుకోండి," అనేది మా ఆవిడ.

"అవునమ్మణ్ణీ, పదకొండిండ్లకి అత్తను. ఒక్క కోడలూ మాట వినదు," అనేది అక్క.

ఆ గుత్తి ఆవిడకి ఎంత ముఖ్యమో నాకప్పుడు తెలియదు. పక్క బ్లాకులో కొత్తవాళ్ళు దిగితే పని అడగడానికి వెళ్ళి ఆవిడ ఎక్కువ మాట్లాడదట. గుత్తి చేతిలో పట్టుకుని గుమ్మం ముందు నిలబడుతుందట. ఇంతమంది నమ్మారంటే మనమూ నమ్మొచ్చు అనుకుని వాళ్ళూ ఒక తాళం ఇస్తారట. ఆవిడకి వేరే చదువు లేదు, సిఫార్సు లేదు. ఉన్నదంతా ఆ రింగే.

ఇక నా సంగతి. ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చి పదహారేళ్ళయింది. ఆఫీసులో ఏదైనా సిస్టం పడిపోతే ఎందుకు పడిపోయిందో కారణం వెతికి రాయడం నా ఉద్యోగం. "కారణం తేలకముందు ఎవరి పేరూ ఎత్తకండి" అని నా టీములో అందరికీ చెప్పేది నేనే. ఇంట్లో మాత్రం ఆ పద్ధతి తలకిందులవుతుంది. ముందు మనిషి దొరకాలి, కారణం తర్వాత చూసుకోవచ్చు. ఒకసారి టీవీ రావడం లేదని కేబుల్ అతన్ని ఫోన్లో పావుగంట కడిగేశాను. తీరా చూస్తే టీవీ ప్లగ్గు పీకి నా ఫోను ఛార్జింగ్‌కి పెట్టింది నేనే. అతను ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోవడాన్ని నేను క్షమించడం కింద జమకట్టేసుకున్నాను. అదీ నా రోగం.

ఆ ఆదివారం దేవనహళ్ళిలో మా ఆవిడ మేనకోడలి నిశ్చితార్థం. పదిన్నరకి తాంబూలాలు. చిక్కపేటలో రెండు వారాలు తిరిగి ఎంచిన చీర మా ఆవిడ ఒళ్ళో ఉంది. వెనక సీట్లో మిఠాయి పళ్ళాలు, వాటి మీద జరీ గుడ్డలు. నేను కూర్చుని తాళం తిప్పాను.

టక్.

అంతే. ఇంజన్ తిరగలేదు. మళ్ళీ తిప్పాను. టక్. పిలిస్తే "ఊఁ" అని, మళ్ళీ పడుకునే మనిషిలా.

"బ్యాటరీ పోయింది," అన్నాను.

"చూడకుండానే?" అంది మా ఆవిడ.

"చూసేదేముంది? టక్కుమంటే బ్యాటరీయే. ఎవరో రాత్రంతా లైటు వదిలేసుంటారు."

ఆ 'ఎవరో' రెండు కార్ల అవతలే ఉంది. రెండో అంతస్తు అంకుల్ గారి తెల్లకారు అద్దం తుడుస్తోంది. నేను దిగి అటు నడిచాను.

"నిన్న మా కారు లోపల తుడిచింది మీరే కదా?"

"నేనే అప్పా. ఇంకెవురు తుడుస్తారు?"

"లైటు ఆర్పారా?"

"ఆర్పకుండా తలుపెట్ల మూస్తాను?"

"మరి కారు ఎందుకు స్టార్ట్ కాలేదు? నమ్మి తాళం ఇస్తే ఇదా? లోపల కూర్చుని పాటలు పెట్టుకున్నావో, పడుకున్నావో, ఎవడు చూడొచ్చాడు?"

ఈ మాటలో ఎన్ని తప్పులున్నాయో తర్వాత లెక్కపెట్టుకున్నాను. అన్నిటికంటే పెద్దది, 'మీరు' నుంచి 'నువ్వు'కి జారడం. ఆవిడ నన్ను నువ్వనే అంటుంది. వాళ్ళ వైపు అంతే, ఆ నువ్వులో చనువుంటుంది. నా నువ్వు అలాంటిది కాదు. ఆ తేడా ఆవిడకి తెలిసిందని ఆవిడ చేతిలో గుడ్డ ఆగిపోవడం చూసి నాకు తెలిసింది. అయినా ఆపలేదు.

అంకుల్ గారు అప్పుడే లిఫ్టులోంచి వచ్చారు. మైసూరు వైపు కన్నడిగులు, బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం కన్నడం. ఆయన వెనకే నాలుగో అంతస్తులో ఉండే అమ్మాయి, పొద్దున పరుగు ముగించుకుని చెమటలతో. ఇద్దరూ నా అరుపు విన్నారు. అంకుల్ గారు గొంతు సవరించుకున్నారు.

"నోడమ్మా, చూడూ, నా కీ కూడా ఇచ్చేసెయ్యి. బేజారు పడొద్దు. సుమ్నే... ఊరికే, ఇంట్లో ఉంటే మంచిది కదా."

ఆ అమ్మాయి నేల చూపులు చూస్తూ, "ఆంటీ, మాది కూడా. తర్వాత మళ్ళీ ఇస్తాను," అంది.

నేను విసిరిన మాట ఎంత దూరం పోయిందో నాకు అప్పుడైనా తెలియాల్సింది. అక్క గుత్తి నడుము నుంచి తీసింది. రింగు మూతి బిగువుగా ఉంటుంది. గోరు పెట్టి విప్పింది. తెల్లదారం తాళం అంకుల్ గారికి, పసుపుదారం తాళం ఆ అమ్మాయికి ఇచ్చింది. ఆకుపచ్చ దారంది నా చేతికివ్వలేదు. మా కారు బానెట్ మీద పెట్టింది.

"ఇచ్చేస్తిని కదా. ఇంక నా దగ్గర నీదేమీ లేదు," అంది. "పోయే ముందర ఒక్క తూరి తిప్పప్పా. వింటాను."

"మీరు వింటే స్టార్టవుతుందా?" అన్నాను.

"కోడండ్లు వినరు గానీ బండ్లు వింటాయి. తిప్పు."

"తిప్పండి," అంది మా ఆవిడ కారులోంచి. ఆ ఒక్క మాటలో ఆవిడ ఎవరి పక్షమో తేలిపోయింది.

తిప్పాను. టక్. అక్క కళ్ళు మూసుకుంది.

"ఒగటే టక్కు," అంది. "బ్యాటరీ సచ్చిపోయుంటే టకటకటకటకా అని కొట్టుకుంటాది, చలికి పండ్లు కొట్టుకున్నట్ట. ఇది ఒగటే. హారను కొట్టు."

కొట్టాను. సెల్లారంతా దద్దరిల్లింది. ఆ అమ్మాయి చెవులు మూసుకుంది.

"చూస్తివా? సచ్చినోడు ఇంత గట్టిగా అరస్తాడా? ప్రాణం ఉండాది. ఇప్పుడు లైట్లేసి తిప్పు."

హెడ్‌లైట్లు వేశాను. ఎదురుగోడ మీద రెండు తెల్లటి గుండ్రాలు పడ్డాయి. తాళం తిప్పగానే టక్కుమంది, గుండ్రాలు రెండూ ఒక్కసారి మాయమయ్యాయి. తాళం వదలగానే మళ్ళీ వచ్చి కూర్చున్నాయి.

"దోవలో ఎవురో అడ్డం కూసోనుండారు," అంది అక్క. "లైటుకి, హారనుకి రవ్వంత కరెంటు చాలు, సందులోంచి దూరి పోతాది. ఇంజను తిప్పాలంటే ఊరేగింపు మాదిరి పోవల్ల. అది పోలేకుండా ఉండాది. ఇంతకు ముందర ఎప్పుడన్నా ఇట్ల అనిందా?"

"లేదు," అన్నాను.

"అంది," అంది మా ఆవిడ. "బుధవారం ఒకసారి. శుక్రవారం ఆఫీసుకి వెళ్ళేటప్పుడు రెండుసార్లు. మూడో తిప్పుకి స్టార్టయింది. నాకు మీరే చెప్పారు."

అంటే శనివారం అక్క కారు ముట్టుకోకముందే జబ్బు మొదలైంది. ఈ లెక్క వేయడానికి ఆఫీసులో నాకు అర నిమిషం పట్టదు. ఇక్కడ మాత్రం లెక్క వేసుకోకుండా మాట మార్చాను.

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"ఆనేకల్లో మా ఇంటాయనకి బ్యాటరీల అంగడుండె. లారీలు, ట్రాక్టర్లు, పెండ్లి మైకులు, అన్నిట్లవీ మా దగ్గరికే. ఆయప్ప ఊర్లు తిరగతా ఉండె. అంగట్లో కూసోని నీళ్ళు పోసేది, ఛార్జింగు పెట్టేది, ఏది బతికింది ఏది సచ్చింది చూసేది నేనే. ఆయప్ప పోయినాక అంగడీ పాయె. చెవులు మాత్రం ఉండాయి కదా."

నాలుగేళ్ళుగా రోజూ ఎదురుపడుతున్నాం. ఈ ముక్క నేనేనాడూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

బానెట్ ఎత్తాను. అక్క వంగి, బ్యాటరీ మీద ఎర్ర ప్లాస్టిక్ మూత వేలితో లేపింది. దాని కింద ఉండాల్సిన ఇత్తడి రంగు బిగింపు కనపడలేదు. దాని చుట్టూ తెల్లగా, పచ్చగా, అటుకులు పోసినట్టు ఏదో పొంగి గడ్డకట్టి ఉంది. రెండో పక్కా అంతే.

అది అలా ఎందుకైందో అక్కడున్న ఐదుగురిలో నా ఒక్కడికే తెలుసు. చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. టైము చూసుకున్నాను.

"అమ్మణ్ణీ, ఒగ చెంబుడు వేణ్ణీళ్ళు, గుప్పెడు వంటసోడా," అంది అక్క. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని లిఫ్టు వైపు పరిగెత్తింది. అంకుల్ గారు తన డిక్కీలోంచి స్పానర్ల పెట్టె తెచ్చారు. అక్క పది నంబరుది ఏరుకుని బిగింపు మీద పెట్టబోయింది. చెయ్యి తగలగానే బిగింపు అటూ ఇటూ ఊగింది.

"ఇదేందప్పా, చేత్తోనే వచ్చేస్తా ఉండాది! ఎవురు బిగిచ్చింది? కొబ్బరి చిప్ప మూతేసినట్ట ఏసినాడు."

"మెకానిక్కే అయ్యుంటాడు," అన్నాను. ఇది ఆ పూట రెండో నింద. ఈసారి ఊరూ పేరూ లేని మనిషి మీద.

నీళ్ళొచ్చాయి. అక్క బిగింపులు రెండూ ఊడదీసి, సోడా కలిపిన వేణ్ణీళ్ళు సన్నని ధారగా పోసింది. బుస్సున నురగ పొంగింది. ముందు తెల్లగా, తర్వాత పచ్చగా. పోసిన కొద్దీ నురగ తగ్గింది. ఆఖరి ధార పోసేసరికి బ్యాటరీ పక్కనుంచి కిందికి కారిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. చిక్కటి ఎరుపు.

సెల్లారు నేల మీద ఆ మడుగు వంక అందరం చూశాం. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని, దిష్టికి తిప్పిపోసే నీళ్ళు అలాగే కలుపుతారని మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. సోడాకీ అదే గుణం ఉందని ఆ రోజే చూశాను.

"పసుపు!" అంది అక్క.

అంకుల్ గారు జేబులోంచి ఫోను తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి జరిపి, అపార్టుమెంటు గ్రూపు పైకి తోసుకుంటూ పోయారు. మూడు వారాలు వెనక్కి. ఆయుధపూజ నాటి ఫోటో ఒకటి దొరికింది. అందరికీ తిప్పి చూపించారు.

అది నేను పెట్టిన ఫోటో. మా కారు బ్యాటరీ. రెండు టెర్మినళ్ళకీ గంధంలో కలిపిన పసుపు పట్టించి, మధ్యలో కుంకుమ బొట్లు. కింద నా రాత: "పూజ పైపైన కాదు, లోపలిదాకా జరగాలి."

ఒంగోలులో మా ఇంట్లో ఆయుధపూజ అంటే స్కూటరుకి ఒక బొట్టు, ఒక నిమ్మకాయ. బెంగళూరులో ఆ రోజు వీధి వీధంతా పెళ్ళిలా ఉంటుంది. కార్లకి అరటిపిలకలు, బంతిపూల దండలు, బస్సులకి గుమ్మడికాయలు. పోటీ పడకుండా ఉండలేకపోయాను. అందరూ చక్రాలకీ స్టీరింగుకీ బొట్లు పెడితే నేను బానెట్ ఎత్తాను. బ్యాటరీ మీద పైన అద్దితే సరిగ్గా అంటలేదని బిగింపులు రెండూ ఊడదీసి, టెర్మినళ్ళ సీసం మొలకలకి నిండుగా పసుపు పూసి, వాటి మీదనే బిగింపులు తొడిగాను. అడిగి తెచ్చిన స్పానరు అప్పటికే తిరిగిచ్చేశాను, చేత్తో నొక్కి వదిలేశాను. కరెంటు పోయే దారిలో అడ్డం కూర్చున్నది నా భక్తి.

ముందుగా నవ్వింది మా ఆవిడ. తర్వాత ఆ అమ్మాయి. అంకుల్ గారు నవ్వు ఆపుకోలేక స్పానర్ల పెట్టె మీద కూర్చున్నారు.

"బండికి దిష్టి పెట్టింది నువ్వే, తీపిచ్చుకునింది నువ్వే," అంది అక్క. కానీ ఆవిడ నవ్వలేదు. గరుకు కాగితం అడిగి తీసుకుని, సీసం మొలకలు తళతళలాడేదాకా రుద్దింది. బిగింపుల లోపలి గుండ్రం కూడా రుద్దింది. గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, తొడిగి, స్పానరుతో బిగించి, ఊపి చూసింది. కదల్లేదు. మా ఆవిడ చేతిసంచిలోని వ్యాజిలీను పైన పల్చగా పూసింది.

"పూయాలంటే ఇది పూయల్ల. తిప్పు."

తిప్పాను. బుర్రుమని ఒక్క తిప్పుకే అందుకుంది. చప్పట్లు కొట్టారు. నేను... ఇది రాయడానికి కష్టంగా ఉంది, కిటికీలోంచి తల బయటపెట్టి "థాంక్సక్కా, ఆలస్యమవుతోంది" అన్నాను. గేరు వేసి వెళ్ళిపోయాను. బానెట్ మీది తాళం అప్పటికే నా జేబులో ఉంది.

దేవనహళ్ళి దారిలో హెబ్బాళ్ దాటాం. "అక్క నవ్వలేదు, చూశారా?" అంది మా ఆవిడ.

"చూశాను."

"మిగతావాళ్ళం నవ్వి ఇంటికెళ్ళిపోతాం. ఆవిడ గుత్తిలో మూడు తాళాలు తగ్గాయి."

అదుగో, సిగ్గు అక్కడ మొదలైంది.

నిశ్చితార్థం చాలా బాగా జరిగింది. పెళ్ళికొడుకు ఉంగరం తొడగబోయి పక్క వేలికి తొడిగితే అమ్మాయి అందరి ముందూ వేలు మార్చి చూపించింది. హాలంతా ఈలలు. నేను మూడో లడ్డు తింటుండగా మా ఆవిడ ఫోను తెచ్చి చూపించింది. గ్రూపులో పొద్దున ఎవరో రాశారు, "కార్ల తాళాల గురించి సెల్లార్లో గొడవట, నిజమా?" అని. ఇంకెవరో, "ఎందుకొచ్చిన తంటా, మనవి మనం తీసేసుకుందాం" అని. మధ్యాహ్నానికి ఇంకో ఐదుగురు కిందికి దిగి తాళాలు తీసేసుకున్నారు. పసుపు సంగతి వాళ్ళెవరికీ తెలియదు. అరుపు మాత్రం లిఫ్టు గుంటలోంచి అన్ని అంతస్తులకీ వెళ్ళింది. పదకొండులో మూడు మిగిలాయి.

లడ్డు పక్కన పెట్టి, గ్రూపులో పెట్టడానికి క్షమాపణ టైపు చేయడం మొదలుపెట్టాను. "నిన్నటి పరిణామాల దృష్ట్యా" అని మొదలెట్టి, నిన్న కాదు ఇవాళే అని గుర్తొచ్చి చెరిపేశాను. మా ఆవిడ భుజం మీదుగా చూసింది.

"అరిచింది నోటితో. క్షమాపణ వేళ్ళతోనా?"

ఫోను జేబులో పెట్టేశాను.

నాలుగున్నరకి ఇల్లు చేరాం. బట్టలు మార్చుకోకుండానే, పట్టుపంచెతోనే మెట్లెక్కాను. ముందు అంకుల్ గారి తలుపు.

"అంకుల్, మీ తాళం మళ్ళీ అక్కకి ఇచ్చేస్తారా? పొద్దున తప్పంతా నాది."

"అది ఫోటోలోనే చూశాను కదప్పా," అన్నారాయన. "ఎర్రనీళ్ళు చూసినప్పుడే ఇచ్చేసుండాలి నేను. ఆమె చెయ్యి చాపలేదు, నాకూ నాచికె అయింది. నీకంటే నాది తక్కువ తప్పేం కాదు." సిగ్గుని ఆయన భాషలో నాచికె అంటారు. ఆ మాటంటూ తెల్లదారం తాళం నా చేతిలో పెట్టారు. తాళంతో పాటు చక్కిలాల పొట్లం.

నాలుగో అంతస్తు అమ్మాయి తలుపు తీస్తూనే తాళం చాచింది. ఆ పక్కింటావిడ నన్ను గుమ్మంలో నిలబెట్టి కథంతా విని, "ఆగండి, మా అత్తయ్యకి కూడా చెప్పండి, ఆవిడకి చెవి దూరం," అంది. రెండోసారి గట్టిగా చెప్పాను. ఆ పెద్దావిడ అంతా విని, "ఏం బాబూ, ఇంజనాయిల్లో పానకం కూడా పోశావా?" అని అడిగింది.

మూడో అంతస్తులో అసలు ప్రమాదం తెలిసింది. ఆ ఇంటాయన నా మాట పూర్తికాకుండానే లేచి నిలబడ్డాడు.

"మీ ఫోటో చూసి నేనూ పెట్టానండీ బ్యాటరీకి పసుపు!"

విచారించగా నా భక్తి ఇంకో రెండు కార్లకి అంటుకుందని తేలింది. వాటికింకా 'టక్కు' రాలేదు, అంతే తేడా. ఏడిళ్ళు తిరిగేసరికి ఏడున్నరయింది. ఏడు తాళాలు దొరికాయి. నాది కలిపి ఎనిమిది.

మర్నాడు ఆరింటికి, నిశ్చితార్థంలో మాకిచ్చిన పళ్ళెంలో తమలపాకులు, అరటిపళ్ళు, లడ్లు, మధ్యలో తాళాలు సర్ది మా ఆవిడ నా చేతిలో పెట్టింది. సెల్లార్లోకి దిగాను. నా వెనక అంకుల్ గారు, ఆయన వెనక మూడో అంతస్తు ఆయన, ఇంకా ఇద్దరు ముగ్గురు. మగపెళ్ళివారిలాగే ఉన్నాం.

అక్క బకెట్టు దించి చూసింది.

"ఏందప్పా, నిశ్చితార్థం ఇంకా అయిపోలేదా?"

"అక్కా, తప్పు నాది," అన్నాను. "పసుపు పెట్టింది నేను. సరిగ్గా బిగించనిదీ నేనే. బుధవారం నుంచీ కారు టక్కుమంటున్నా పట్టించుకోనిదీ నేనే. మీరు లైటు ఆర్పలేదన్నాను, లోపల పడుకున్నారన్నాను, మిమ్మల్ని నువ్వు అన్నాను. బాగుచేసి పెడితే సరిగ్గా ఒక మాట కూడా చెప్పకుండా వెళ్ళిపోయాను. నన్ను క్షమించండి."

"ఇంగా గట్టిగా చెప్పు," అంది అక్క. "నిన్న నాలుగు గోడలకీ చెప్తివి కదా. ఈ పొద్దు ఆ మూల గోడకి వినపడ్లేదు."

గట్టిగా చెప్పాను. మూల గోడ కూడా అంది. అప్పుడు నవ్వింది అక్క. పొద్దున్నే అంత పెద్ద నవ్వు మా సెల్లార్లో ఎప్పుడూ వినలేదు.

పళ్ళెం వంక చూసి, "మేలు, దీనికి పసుపు పెట్టలేదు," అంది. గోరుతో రింగు విప్పి ఒక్కో తాళం గుచ్చింది. తెల్లది, పసుపుది, నీలంది. ఒక్కోటి గుచ్చినప్పుడల్లా ఆ ఇంటివాళ్ళు ఉంటే వాళ్ళ వంక చూసింది. ఆకుపచ్చ దారం దగ్గర ఆగింది.

"ఇది వద్దు."

"ఎందుకక్కా?"

"ఒగ వారం నీ బండి నువ్వే తుడుచుకో. లోపల ఎవురు పడుకుంటారో, పాటలు ఎవురు వింటారో తెలుస్తాది." ఎడమ భుజం మీది తడిగుడ్డ తీసి నా చేతిలో వేసింది.

తుడిచాను. పై కప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలట. నేను చక్రాల నుంచి మొదలుపెట్టాను. అద్దం మీద గుడ్డ గుండ్రంగా తిప్పుతుంటే, "దోసె పోస్తా ఉండావా? ఒగ పక్కకే లాగప్పా," అని వెనకనుంచి కేక. నేనొక కారు పూర్తిచేసేలోగా ఆవిడ నాలుగు తుడిచింది. పసుపు పెట్టిన ఆ రెండు కార్లకీ ఆ వారంలోనే స్పానరు, సోడా పట్టుకుని నేనే కూర్చున్నాను. ఆవిడ పక్కన నిలబడి ఏం చేయాలో చెప్పింది. రెండోదాని బిగింపు బిగించాక ఊపి చూసి, "నువ్వు అంగడి పెట్టొచ్చు," అంది. నా ఉద్యోగంలో పదహారేళ్ళలో అంత సంతోషపెట్టిన మాట ఎవరూ అన్నట్టు గుర్తులేదు.

మంగళవారం నుంచి అంకుల్ గారు రోజూ కాఫీ గ్లాసుతో దిగి నా పని చూసేవారు. నాలుగో అంతస్తు అమ్మాయి పరుగు నుంచి వస్తూ, "అంకుల్, నా కారు కూడా ఖాళీగానే ఉంది, తుడుస్తారా?" అనేది. గురువారానికి నడుం పట్టేసింది. శనివారం లోపల తుడిచాను. సీట్ల కింద వేరుశనగ పొట్టు, ఎప్పుడో పారేసుకున్న నా పెన్ను, మా ఆవిడ చెవి దుద్దు. ఆ దుద్దు పోయిందని ఒకప్పుడు నేను ఎవరినో అనుమానించాను కూడా. ఎవరినో ఇక్కడ రాయను. ఆ మనిషికి ఆ సాయంత్రం ఫోన్ చేసి దుద్దు దొరికిందని చెప్పాను.

ఆ పై సోమవారం నేను బకెట్టు కడుగుతుంటే అక్క మా కారు దగ్గర ఆగింది. బానెట్ మీద వేలు గీసి, వేలు చూసుకుంది. కారు చుట్టూ తిరిగి వెనక అద్దం కూడా చూసి వచ్చింది. "రవ్వంత మూలల్లో ఉండాది, పోనీలే," అని చెయ్యి చాపింది.

జేబులోంచి ఆకుపచ్చ దారం తాళం తీసి ఆవిడ చేతిలో పెట్టబోయాను. ఆవిడ తాళం తీసుకోలేదు. నడుము నుంచి రింగు తీసి నాకే ఇచ్చింది. మూతి చాలా బిగువుగా ఉంది. గోరు పెట్టి విప్పడానికి మూడుసార్లు ప్రయత్నించాను. నాలుగోసారి విప్పి, తాళం గుచ్చి, మూతి సరిగ్గా బిగుసుకుందో లేదో రెండుసార్లు లాగి చూసి, అప్పుడు ఆవిడకి తిరిగి ఇచ్చాను.